ఒక్క ఖరీదైన పిచ్చరా, ముగ్గురు మామూలు పిచ్చర్లా: ‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ 26’ సమీక్ష

క్రికెట్ తప్ప మరో బంతాట వైపు చూడని పాలమూరులో కూర్చుని, అమెరికా బేస్‌బాల్ జట్టుకు మేనేజరుగా ఉండే కంప్యూటర్ గేమ్ గురించి ఇంత పొడవున రాయడం కొందరికి విచిత్రంగా తోచవచ్చు. అయితే ఈ గేమ్‌లో బ్యాటు పట్టి కొట్టడం, బంతి విసరడం ప్రధానం కాదు. యజమాని ఇచ్చిన బడ్జెట్‌లో ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికి ఎన్నేళ్ల ఒప్పందం ఇవ్వాలి అన్నదే ఆట. లెక్కల మీద ఆసక్తి ఉండి, ఐపీఎల్ వేలాన్ని మ్యాచ్‌ల కంటే శ్రద్ధగా చూసేవారికి ఇది తప్పక నచ్చుతుంది. 2025 మార్చిలో వచ్చిన ఈ 26వ సంచికను నేను ఎక్కువగా ఒకే ప్రశ్న పట్టుకుని ఆడాను. పేరున్న పిచ్చర్‌కు, అంటే బంతి విసిరే ఆటగాడికి, బడ్జెట్‌లో పెద్ద వాటా ధారపోయాలా, లేక అదే డబ్బుతో ముగ్గురు నలుగురు మామూలు పిచ్చర్లను కూర్చుకోవాలా అన్నది ఆ ప్రశ్న. ఈ సమీక్ష కూడా చాలావరకు దాని చుట్టే తిరుగుతుంది, ఎందుకంటే ఈ గేమ్ గొప్పతనమూ దాని పరిమితీ రెండూ అక్కడే బాగా కనిపిస్తాయి.

మన పాఠశాలల క్రీడాపోటీలలో సాఫ్ట్‌బాల్ ఉంది కనుక పిచ్చర్, క్యాచర్, బేస్, హోమ్ రన్ అన్న మాటలు చాలామందికి తెలిసినవే. తెలియనిదల్లా వృత్తి బేస్‌బాల్‌లో పిచ్చర్ల అమరిక. ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు, దాదాపు ప్రతిరోజూ ఒకటి చొప్పున ఆడుతుంది. మ్యాచ్‌ను మొదలుపెట్టే స్టార్టర్ ఒకసారి విసిరాక నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. అందువల్ల ప్రతి జట్టుకూ సాధారణంగా అయిదుగురు స్టార్టర్లు ఉంటారు, వారి వెనుక, మ్యాచ్ మధ్యలో దిగి విసిరే రిలీవర్లు ఏడెనిమిది మంది ఉంటారు. ఆ రిలీవర్ల బృందాన్ని బుల్‌పెన్ అంటారు. 26 మంది జట్టులో పిచ్చర్లు 13 మందికి మించకూడదన్నది నిబంధన. ప్రపంచంలోకెల్లా గొప్ప స్టార్టర్ అయినా ఏడాదిలో 32, 33 మ్యాచ్‌లకు మించి మొదలుపెట్టలేడు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలిన వాదనంతా సులభంగా అర్థమవుతుంది.

గేమ్‌లో అమెరికా ప్రధాన బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లోని 30 జట్లలో దేనినైనా ఎంచుకోవచ్చు. నేను పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ను తీసుకున్నాను. 1979 తరువాత ఆ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలవని, 2015 తరువాత ప్లేఆఫ్స్ ముఖమే చూడని, ఖర్చు విషయంలో చేయి బిగించే జట్టు అది. మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూసే మా బావ కూడా తన లాప్‌టాప్‌లో అదే జట్టుతో మొదలుపెట్టాడు. నేను చవక దారి పట్టాను, ఆయన స్టార్ల దారి పట్టాడు. ఇద్దరం మా మా ఫలితాలను ఫోనులో పోల్చుకుంటూ వచ్చాం. ఒకరి గేమ్‌లో జరిగినది మరొకరి గేమ్‌లో జరగదు కాబట్టి దీన్ని ప్రయోగం అనలేం గానీ, రెండు పద్ధతుల గుణదోషాలు ఇలా విడివిడిగా చూడటం ఒంటరిగా ఆడినప్పటి కంటే ఎంతో ఉపయోగపడింది.

ముందుగా డబ్బు సంగతి. గెరిట్ కోల్ అనే పిచ్చర్‌తో న్యూయార్క్ యాంకీస్ 2019 డిసెంబరులో తొమ్మిదేళ్లకు 32 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంటే ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు. 2025లో లీగ్ కనీస వేతనం 7 లక్షల 60 వేల డాలర్లు కనుక, ఆ ఒక్క జీతంతో కనీస వేతనం మీద సుమారు 47 మందిని పెట్టుకోవచ్చు. అంతమందిని పెట్టుకోవడానికి స్థలం ఉండదనుకోండి. ఇక ఇన్నింగ్స్ లెక్క చూస్తే, మ్యాచ్‌కు తొమ్మిది చొప్పున 162 మ్యాచ్‌లకు జట్టు పిచ్చర్లందరూ కలిసి దాదాపు 1458 ఇన్నింగ్స్ వేయాలి. ఈ రోజుల్లో ఒక స్టార్ 200 ఇన్నింగ్స్ వేస్తే అదే గొప్ప. అది మొత్తంలో ఏడో వంతు కంటే తక్కువే. మిగిలిన ఆరు వంతులూ వేయవలసినవారు ఇతరులే.

ఇప్పుడు గేమ్‌లోని ఆర్థిక పేజీ ముందు కూర్చుని నేను వేసుకున్న లెక్క ఇది. పిచ్చర్ సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు తన ఖాతాలో ఎన్ని పరుగులు ఇస్తాడో చెప్పే సంఖ్యను ఈఆర్‌ఏ అంటారు. అది ఎంత తక్కువైతే అంత మేలు. కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి అత్యవసరంగా పిలిపించుకున్న కుర్రవాడు 5.20 ఈఆర్‌ఏతో వేస్తాడనుకుందాం. 3 కోట్ల 60 లక్షల స్టార్ 2.70తో 200 ఇన్నింగ్స్ వేస్తే, అదే 200 ఇన్నింగ్స్‌ను ఆ కుర్రవాడి చేత వేయించిన దానికంటే దాదాపు 56 పరుగులు ఆదా అవుతాయి. అదే డబ్బును కోటి 20 లక్షల చొప్పున ముగ్గురికి పంచి, వారు 4.20తో తలా 160 ఇన్నింగ్స్ వేశారనుకుంటే, ముగ్గురూ కలిసి దాదాపు 53 పరుగులు ఆదా చేస్తారు. పది పరుగులు ఒక గెలుపుతో సమానమని బేస్‌బాల్ గణాంకవేత్తలు స్థూలంగా చెప్పే సూత్రం ప్రకారం చూస్తే, రెండు దారులూ అయిదున్నర గెలుపుల దగ్గరే తేలతాయి. నేను ఊహించినంత తేడా లేదు. చవక దారే ఎప్పుడూ లాభమని వాదించేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

పరుగులు సమానమైనప్పుడు తేడా ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది, ఆ రెండూ ఎదురెదురుగా లాగుతాయి. స్టార్ ఒక్కడే కనుక జట్టులో ఒక్క స్థానమే తీసుకుంటాడు. మిగిలిన నాలుగు స్థానాల్లో ఇంకా మంచివారిని పెట్టుకునే అవకాశం ఉంటుంది. ముగ్గురు మామూలువారు మూడు స్థానాలు ఆక్రమిస్తారు. ఇది స్టార్‌కు అనుకూలమైన మాట. కానీ స్టార్ మోచేతికి దెబ్బ తగిలిన రోజున 56 పరుగులూ ఒకేసారి పోతాయి, జీతం మాత్రం ఆగదు. ముగ్గురిలో ఒకరు గాయపడితే పోయేది మూడో వంతు. నల్లగొండ జిల్లాలో ఉన్న డబ్బంతా ఒకే బోరుకు పెట్టిన రైతు పరిస్థితి ఎలాంటిదో తెలిసినవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఈ గాయాల విషయాన్ని గేమ్ ఎంత కఠినంగా నడుపుతుందో చెప్పాలి. మొదట్లో అతి చేస్తున్నారనిపించింది. నిజ చరిత్ర తిరగేస్తే అతి ఏమీ కాదని అర్థమవుతుంది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన వెంటనే ఆయన జట్టు వాషింగ్టన్ ఏడేళ్లకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ ఒప్పందం కింద ఆయన వేసినవి మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. జేకబ్ డిగ్రామ్‌ను టెక్సస్ రేంజర్స్ 2022 డిసెంబరులో అయిదేళ్లకు 18 కోట్ల 50 లక్షలకు తీసుకుంటే, 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టి మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు. విచిత్రమేమిటంటే రేంజర్స్ ఆ ఏడే ఆయన లేకుండా వరల్డ్ సిరీస్ గెలిచింది. పైన చెప్పిన గెరిట్ కోల్ 2023లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు, 2025 సీజన్ మొత్తం శస్త్రచికిత్స కారణంగా పోగొట్టుకున్నాడు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచ్చర్‌కు మొదటిసారి చేసిన ఆ మోచేతి శస్త్రచికిత్సకు ఆ పిచ్చర్ పేరే స్థిరపడింది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. గేమ్‌లో ఆ పేరు కనిపించిన రోజున బడ్జెట్ పేజీ తెరవాలంటే మనసొప్పదు.

గాయం లేకపోయినా ఒప్పందం తేలిపోవచ్చు. 2002లో సై యంగ్ గెలిచిన బ్యారీ జీటోను శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2006 డిసెంబరులో ఏడేళ్లకు 12 కోట్ల 60 లక్షలకు కొంది. ఆ ఏడేళ్లలో ఆయన గెలిచినవి 63 మ్యాచ్‌లు, ఓడినవి 80. గేమ్‌లో ముప్పయ్యేళ్లు దాటిన పిచ్చర్ రేటింగులు ఎప్పుడు జారడం మొదలవుతాయో ముందుగా చెప్పలేం. ఏడాదికోసారి నెమ్మదిగా తగ్గుతాయని లెక్కవేసుకుంటే, ఒకే శీతాకాలంలో కుప్పకూలేవారు కొందరు ఎదురవుతారు. అందుకే జీతం ఎంత అన్నదానికంటే ఎన్నేళ్లు అన్నదే ప్రమాదమని నాకు బోధపడింది. ఎక్కువ జీతానికి రెండేళ్లకు ఒప్పుకునే స్టార్ దొరికితే నేను కూడా కొంటాను. చిక్కేమిటంటే, గేమ్‌లోని ఏజెంట్లు అంత తేలికగా ఒప్పుకోరు.

అలాగని స్టార్లందరూ మోసమే అనడం కూడా అన్యాయం. మాక్స్ షెర్జర్ 2015 జనవరిలో ఏడేళ్లకు 21 కోట్ల డాలర్లకు వాషింగ్టన్‌లో చేరి, 2016, 2017లలో వరుసగా సై యంగ్ గెలిచి, 2019లో జట్టును వరల్డ్ సిరీస్ విజేతగా నిలిపిన బృందంలో ముఖ్యుడయ్యాడు. యోషినోబు యమమోటోకు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 2023 డిసెంబరులో పన్నెండేళ్లకు 32 కోట్ల 50 లక్షలు ఇచ్చినప్పుడు ఆయన మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. 2025 వరల్డ్ సిరీస్‌లో ఆయన రెండో మ్యాచ్ మొత్తం తానే వేసి గెలిపించాడు, ఆరో మ్యాచ్ గెలిపించాడు, మరునాడే ఏడో మ్యాచ్‌లో రిలీవరుగా వచ్చి దాన్నీ గెలిపించాడు. ఆ పదకొండు ఇన్నింగ్స్ మ్యాచ్ తరువాత ఆ ఒప్పందం ఖరీదైనదని ఎవరంటారు?

మా బావ వాదన కూడా ఇదే. నా జట్టు ఏటా తొంభై గెలుపుల దగ్గర తచ్చాడుతూ ప్లేఆఫ్స్‌లో మొదటి మెట్టు మీదనే జారిపడుతుంటే ఆయన ఫోను చేసి, “బావా, ఫైనల్ గెల్వకపోతే ఆ తొంభై గెలుపులు ఏం జేసుకుంటవ్? అటుక మీద పెట్టుకుంటవా?” అనేవాడు. ఆయన జట్టు రెండేళ్లు అట్టడుగున ఉండి, మూడో ఏట ఇద్దరు స్టార్లూ ఆరోగ్యంగా ఉండటంతో కప్పు ఎత్తింది. ఆ తరువాతి ఏడు ఇద్దరిలో ఒకరు గాయపడి మళ్లీ కిందికి వచ్చింది. ఆయనకు దానివల్ల విచారమేమీ లేదు.

ఈ వాదనకు నిజ ప్రపంచంలో 2025 సీజన్ కంటే మంచి ఉదాహరణ లేదు. మిల్వాకీ బ్రూవర్స్ చిన్న నగరం జట్టు. తమ దగ్గరున్న ఏకైక మహా స్టార్టర్, 2021 సై యంగ్ విజేత కార్బిన్ బర్న్స్‌ను 2024 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌కు ఇచ్చేసి, బదులుగా ఇద్దరు యువకులను తెచ్చుకుంది. ఆ ఏడు లీగ్‌లో తన విభాగం (డివిజన్) గెలిచింది. 2025లో 97 గెలుపులతో మొత్తం 30 జట్లలోనూ మొదటి స్థానంలో నిలిచింది. బర్న్స్ మాత్రం అరిజోనాతో ఆరేళ్లకు 21 కోట్ల ఒప్పందం చేసుకుని, 2025 జూన్‌లో మోచేతి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఇక్కడితో ఆపితే చవక దారిదే గెలుపు. కానీ అదే అక్టోబరులో బ్రూవర్స్, మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఫైనల్‌లో డాడ్జర్స్ ఎదుట నిలబడింది. మొదటి మ్యాచ్‌లో బ్లేక్ స్నెల్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇచ్చాడు. రెండో మ్యాచ్ యమమోటో పూర్తిగా తానే వేశాడు. నాలుగో మ్యాచ్‌లో షోహెయ్ ఒటానీ ఆరు ఇన్నింగ్స్‌లో పరుగివ్వకుండా పది మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైకులతో ఔట్ చేసి), బ్యాటుతో మూడు హోమ్ రన్లు కొట్టాడు. నాలుగు మ్యాచ్‌లలో మ్యాచ్‌కు ఒకటి చొప్పున మొత్తం నాలుగు పరుగులు చేసి బ్రూవర్స్ ఇంటికి వెళ్లింది. స్నెల్ ఆ ఏడు భుజం నొప్పితో లీగ్ దశలో 11 మ్యాచ్‌లే మొదలుపెట్టాడన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. డాడ్జర్స్ అలాంటి ఖాళీలను భరించగలదు. పిట్స్‌బర్గ్ భరించలేదు.

పోటీ ఎంత పొడవైనదన్న దాని మీదనే పిచ్చర్ విలువ ఆధారపడుతుంది. 162 మ్యాచ్‌ల పరుగులో అయిదో స్టార్టర్ కూడా మొదటి స్టార్టర్‌తో దాదాపు సమానంగా వంతు తీసుకుంటాడు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య సెలవు రోజులు ఉండటంతో ముగ్గురు, నలుగురు స్టార్టర్లు చాలు. అయిదోవాడు బుల్‌పెన్‌లో కూర్చుంటాడు. అంటే లీగ్ దశలో ఏడో వంతు అయిన స్టార్, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు మొదలుపెట్టి మూడోదాంట్లో కూడా చేయి వేయగలడు. మనకు తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే, 2024 ఐపీఎల్ కోసం మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24 కోట్ల 75 లక్షల రూపాయలకు కొంటే, తొలి రెండు మ్యాచ్‌లలో ఆయన వికెట్ లేకుండా 53, 47 పరుగులు ఇచ్చాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. మొదటి క్వాలిఫయర్‌లోనూ, ఫైనల్‌లోనూ మన సన్‌రైజర్స్ టాప్ ఆర్డర్‌ను కూల్చింది ఆయనే. కాకపోతే టీ20లో ఏ బౌలరూ నాలుగు ఓవర్లకు మించి వేయకూడదు. బేస్‌బాల్‌లో ఆ పరిమితి లేదు కనుక, ఒక మంచి రోజున ఒక్కడే మ్యాచ్‌ను చేతుల్లోకి తీసుకోగలడు. స్టార్ పిచ్చర్ ధర అంతగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ గేమ్ నాకు బాగా నచ్చిన చోటు చవక పిచ్చర్లను వెదికే పని. ప్రతి పిచ్చర్‌కూ స్టఫ్ (బంతి పదును), మూవ్‌మెంట్, కంట్రోల్, స్టామినా అన్న అంశాలకు 20 నుంచి 80 వరకు రేటింగులు ఉంటాయి. అమెరికా స్కౌట్లు నిజంగా వాడే కొలబద్దే అది. వోరోస్ మెక్‌క్రాకెన్ అనే విశ్లేషకుడు 2001లో ఒక ముఖ్యమైన సంగతి ముందుకు తెచ్చాడు. స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వేసి బేస్ ఉచితంగా ఇవ్వడం), హోమ్ రన్లు పిచ్చర్ చేతిలో ఉంటాయి, మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా ఔట్ అవుతుందా అన్నది మాత్రం చాలావరకు ఫీల్డర్ల మీద, అదృష్టం మీద ఆధారపడుతుంది. గేమ్‌లో దీన్ని అక్షరాలా వాడుకోవచ్చు. గత ఏడాది ఈఆర్‌ఏ అయిదు దాటినా స్ట్రైకౌట్లు ఎక్కువగా, వాక్‌లు తక్కువగా ఉన్న పిచ్చర్‌ను పట్టుకుని, వెనుక షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డర్ అనే కీలక స్థానాల్లో మంచి ఫీల్డర్లను నిలబెడితే, అదే చేయి మరుసటి ఏడు వేరే ఫలితం ఇస్తుంది. డెన్వర్ మైదానం సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉండటంవల్ల అక్కడ బంతి దూరం పోతుంది. కాబట్టి అక్కడి కొలరాడో జట్టు పిచ్చర్ల అంకెలను చూసి ఇతర జట్లు భయపడి వదిలేస్తే, మనం లాభం తీసుకోవచ్చు. మైదానాల ప్రభావాన్ని గేమ్ జాగ్రత్తగా లెక్కలోకి తీసుకుంటుంది.

రిలీవరుగా మిగిలిపోయినవారిలో మూడు, నాలుగు రకాల బంతులు చక్కగా వేయగలవారిని స్టార్టరుగా మార్చడం మరో దారి. నిజ జీవితంలో సెత్ లూగో అలా మారినవాడే. కాన్సస్ సిటీ 2023 డిసెంబరులో మూడేళ్లకు 4 కోట్ల 50 లక్షలకు తీసుకుంటే, 2024లో 16 మ్యాచ్‌లు గెలిచి, 3.00 ఈఆర్‌ఏతో సై యంగ్ ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. అట్లాంటా మూడేళ్లకు 3 కోట్లకు తెచ్చుకున్న రెనాల్డో లోపెజ్‌ను బుల్‌పెన్ నుంచి స్టార్టరుగా మారిస్తే, అదే ఏడు 1.99 ఈఆర్‌ఏ చూపించాడు. నా గేమ్‌లో కూడా ఇలా ఒకరిద్దరు కుదిరారు, కుదరనివారు అంతకంటే ఎక్కువ. కుదరనప్పుడు పోయిన సొమ్ము తక్కువ కావడమే ఈ పద్ధతికి ఆధారం. 2018 మేలో టాంపా బే మొదలుపెట్టిన ‘ఓపెనర్’ పద్ధతి, అంటే మొదటి ఇన్నింగ్స్‌ను రిలీవర్‌తో వేయించి తరువాత అసలు పిచ్చర్‌ను దించడం, గేమ్‌లో కూడా ఉంది. అయిదో స్టార్టర్ బలహీనుడైన జట్టుకు అది అక్కరకు వస్తుంది.

మ్యాచ్‌ను ముగించడానికి చివర్లో దిగే రిలీవర్ల, అంటే క్లోజర్ల గురించి ఎక్కువ చెప్పను. ఏడాదికి 60, 70 ఇన్నింగ్స్ వేసే రిలీవర్‌కు స్టార్టర్ ధర పెట్టడం చిన్న జట్టుకు తగదని నా అభిప్రాయం. ఎడ్విన్ డియాజ్‌కు న్యూయార్క్ మెట్స్ జట్టు 2022 నవంబరులో అయిదేళ్లకు 10 కోట్ల 20 లక్షలు ఇస్తే, మరుసటి మార్చిలో అంతర్జాతీయ పోటీ అయిన వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తన ప్యూర్టోరికో జట్టు గెలిచిన సంబరంలో మోకాలికి గాయమై 2023 సీజన్ అంతా పోయింది.

అసలు చవక, అసలు ఖరీదు అన్న రెండు వర్గాలకు బయట మూడో వర్గం ఒకటుంది. పిట్స్‌బర్గ్‌ను ఎంచుకోవడానికి కారణం కూడా అదే. పాల్ స్కీన్స్ అనే పిట్స్‌బర్గ్ పిచ్చర్ 2023 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్తవారిని ఎంచుకునే కార్యక్రమంలో) మొదటి ఎంపిక, 2024లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో 1.97 ఈఆర్‌ఏతో ఏకగ్రీవ సై యంగ్ విజేత. అయినా ఆ ఏడు జీతం కనీస వేతనానికి కాస్త పైన. ఎందుకంటే అక్కడి నిబంధనల ప్రకారం సాధారణంగా మొదటి మూడేళ్లు జీతం జట్టు చెప్పినంతే, ఆ తరువాత మూడేళ్లు జీతం మీద మధ్యవర్తిత్వం, ఆరేళ్లు నిండాకే స్వేచ్ఛగా మార్కెట్‌లోకి వెళ్లగలడు. ఇలాంటి పిచ్చర్ దొరికాక కూడా గెలుపు ఖాయం కాదనడానికి ఆయన రికార్డే సాక్ష్యం: అంత గొప్పగా వేసిన ఏడాదిలో 10 గెలుపులు, 10 ఓటములు. వెనుక పరుగులు చేసేవారు లేకపోతే అంతే మరి. డిగ్రామ్ కూడా 2018లో 1.70 ఈఆర్‌ఏతో సై యంగ్ గెలిచినప్పుడు ఆయన ఖాతాలో పడినవి 10 గెలుపులే. స్టార్ పిచ్చర్ మీద పెట్టగా మిగిలిన డబ్బు బ్యాటర్లకు సరిపోతుందా అన్నది ముందుగా చూసుకోవాలని గేమ్ పదేపదే గుర్తుచేస్తుంది.

నా గేమ్‌లో అలాంటి యువ స్టార్‌కు నాలుగో ఏడు రాగానే పెద్ద పరీక్ష ఎదురైంది. దీర్ఘకాల ఒప్పందం ఇవ్వాలా, అమ్మి అయిదారుగురు యువకులను తెచ్చుకోవాలా? నేను అమ్మాను. ఏడాది తరువాత బుల్‌పెన్, మూడో స్టార్టర్, షార్ట్‌స్టాప్ మూడు చోట్లా బలపడ్డాం. యజమానికి మాత్రం కోపం వచ్చింది, టికెట్ల అమ్మకం పడిపోయింది. అభిమానులు పేరు చూసి వస్తారన్న సంగతిని కూడా గేమ్ లెక్కలో ఉంచింది. నా పరుగుల లెక్కలో ఈ పద్దు లేదు. స్టార్ ధరలో కొంత భాగం గెలుపులకు కాదు, గేటు రాబడికి చెల్లిస్తున్నామని అప్పుడే గ్రహించాను.

ఇక లోపాలు. మొదటిది, రేటింగులు కనిపిస్తూ ఉంటే పని తేలికైపోతుంది. మన స్కౌట్ చెప్పే అంచనా తప్పు కావచ్చన్న ఏర్పాటు ఉన్నా, కొంత అలవాటయ్యాక ఏ అంకెను నమ్మాలో తెలిసిపోతుంది. నిజమైన మేనేజర్‌కు ఆ సౌకర్యం ఉండదు. అందుకే రేటింగులను దాచి గణాంకాలు మాత్రమే చూస్తూ ఆడమని సలహా ఇస్తాను. అప్పుడే 4.20 పిచ్చర్ నిజంగా 4.20వాడా, అదృష్టం కలిసివచ్చిన 5.20వాడా అన్న సందేహంతో వేగిపోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. రెండోది, ఆటగాళ్ల మార్పిడిలో కంప్యూటర్ జట్లను బోల్తా కొట్టించడం సాధారణ స్థాయిలో సులభం. ట్రేడింగ్ కాఠిన్యాన్ని పెంచుకోకపోతే మనం పండితులమన్న భ్రమ కలుగుతుంది.

మనం గేమ్ అంతా ఇంగ్లీషులోనే చదువుకోవాలి, అదీ చాలా చదవాలి. తెర నిండా పట్టికలే. మొదటిరోజే వేయి విడి కాగితాల ఫైలు చేతికి ఇచ్చినట్టు ఉండే గేమ్ ఇది. మైనర్ లీగ్ పనులు, శిక్షకుల నియామకాలు సహాయకులకు అప్పగించి, పిచ్చర్ల జాబితా, ఒప్పందాలు, ఆర్థిక పేజీ మూడింటితో మొదలుపెడితే ఊపిరి ఆడుతుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. మామూలు లాప్‌టాప్ చాలు, కానీ కింది లీగులన్నీ కలిపి నడిపితే పాత యంత్రాల మీద ఒక నెల గడవడానికి చాలాసేపు పడుతుంది. ఒకసారి దింపుకున్నాక సాధారణ ఆటకు ఇంటర్నెట్ అక్కరలేకపోవడం మా వైపు పెద్ద సౌకర్యం. అసలు మ్యాచ్‌లు చూడాలంటే న్యూయార్క్‌లో రాత్రి 7 గంటల ఆట వేసవిలో మనకు తెల్లవారుజామున 4:30కు మొదలవుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇందులో పర్‌ఫెక్ట్ టీమ్ అనే కార్డుల విభాగం వేరుగా ఉంది. అక్కడ కార్డు ప్యాకెట్లు డబ్బు పెట్టి కూడా కొనుక్కోవచ్చు. స్టార్ పిచ్చర్ కార్డు కోసం చేయి దురద పెట్టేవారు ఆ తలుపు తెరవకపోవడమే మేలు. ప్రధాన ఆటలో ఒకసారి కొన్న ధర తప్ప మరేమీ చెల్లించనక్కరలేదు.

డబ్బు పెట్టేముందు ఆలోచించేవారు గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పాత సంచికలను చూడవచ్చు. కొత్తది వచ్చిన తరువాత పాతవాటి ధర బాగా తగ్గిస్తుంటారు. ఆటగాళ్ల జాబితా పాతదవుతుంది గానీ, పిచ్చర్ల లెక్క మారదు. మొదటి జట్టుగా డాడ్జర్స్‌ను గానీ యాంకీస్‌ను గానీ ఎంచుకోవద్దు. ఆ బడ్జెట్‌లో ఏ తప్పూ కనిపించదు. పిట్స్‌బర్గ్, మిల్వాకీ, టాంపా బేలలో ఒకటి తీసుకుని, మొదటి రెండు సీజన్లు ఏ పిచ్చర్‌కూ మూడేళ్లకు మించి ఒప్పందం ఇవ్వకుండా ఆడండి. మూడో ఏట జూలై చివర, జట్టు పోటీలో ఉంటే, ఒప్పందం ఆ సీజన్‌తో ముగిసే స్టార్‌ను రెండు నెలల కోసం తెచ్చుకోండి. పొడవైన ఒప్పందం తలకెత్తుకోకుండా అక్టోబరుకు పదునైన చేయి దొరికే మార్గం నాకు కనిపించినంతలో అదొక్కటే. దానికి బదులుగా మన మైనర్ లీగ్‌లోని మంచి కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు పోతారు. మా బావ ఇప్పుడు ఈ పద్ధతికే మారాడు, కాకపోతే తెచ్చుకున్నవాడిని సీజన్ ముగిశాక వదలలేక ఆరేళ్లకు సంతకం పెట్టించాడు.